ఆనపకాయ నిలువుకోత

మంగళవారం తెల్లవారుజామున మా చిన్నాన్న నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఎనభై అయిదేళ్ళు. కబురు విని ప్రార్థనకు మోకరించాను. కళ్ళు మూసుకోగానే కనబడింది మాత్రం ఒక ఆనపకాయ.

ఎనభైల మొదట్లో, గాజువాకలో ఒక మామూలు ఉదయం. నేను ఎనిమిదో తరగతి. నాన్న గడ్డం గీసుకుంటున్నారు. చెల్లెళ్ళిద్దరూ ఒకే దువ్వెన కోసం కొట్టుకుంటున్నారు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ చేతిలోకి తీసుకుంది. బస్సుకి ఇంకా అరగంట ఉందని చిన్నాన్న గడపలో కూర్చుని నా సైన్సు పుస్తకం తిరగేస్తున్నారు.

అంతకు ముందు నెలే ఆయన పరీక్ష తప్పారు. పోర్టు వర్క్‌షాపులో ఆయన ఖలాసీ. బరువులు మొయ్యాలి, పనిముట్లు అందించాలి. ఫిట్టర్ కావాలంటే డ్రాయింగు చూసి ఇనుపముక్కను ఆకురాయితో అరగదీసి చూపించాలి. ఆ డ్రాయింగులో ఒకచోట ఏటవాలు గీతలున్నాయట. చిన్నాన్న వాటిని గాట్లనుకుని ముక్క మీద అచ్చంగా అలాగే గాట్లు పెట్టి ఇచ్చారు. అది 'సెక్షన్', కోసిన చోటుకు గుర్తు అని పరీక్ష పెట్టిన ఆఫీసరు చెప్పారట. కోసిందెవరో చిన్నాన్నకు బోధపడలేదు.

"ఒక్క గాటైనా వంకరుందేటి? ఆపీసరే మెచ్చుకున్నాడు, తప్పించీసినాడు గాని!" అని ఇంటికొచ్చి ఆయనే నవ్వారు. ఇంకొక్క అవకాశం మిగిలింది. అదీ పోతే రిటైరయ్యేదాకా ఖలాసీయే.

ఆ ఉదయం పుస్తకంలో మందారపువ్వు బొమ్మ దగ్గర ఆగిపోయారు. "పెద్దమ్మడూ, ఈ పువ్వునెవులు కోసీసినారే?"

"ఎవరూ కొయ్యలేదు చిన్నాన్నా. నిలువుకోత. కోస్తే లోపల ఎలా ఉంటుందో గీశారంతే."

చాలాసేపు చూశారు. లేచి వెళ్ళి అమ్మ చేతిలోంచి ఆనపకాయ లాక్కున్నారు.

"ఇదేటి మరిదీ! నాను కూరొండాలా, నువ్వు పరీచ్చ రాసుకోవాలా?"

"రెండూ అవుతాయొదినా. ఒక్క కోత నాకియ్యి."

నిలువునా కోశారు. తెల్లని గుజ్జు, వరసగా గింజలు. పైనుంచి చూస్తే ప్లాను, ఎదటినుంచి చూస్తే ఎలివేషను, కోసి చూస్తే సెక్షను. మూడూ నా రఫ్ నోటులో గీసి, "సరేనా టీచరమ్మా?" అన్నారు. అంతకు ముందు నన్నెవరూ ఏదీ అలా అడగలేదు.

తర్వాత నెలన్నర మా ఇంట్లో చేప లేదు. చిన్నాన్న కోసిన ఆనపకాయలు, బీరకాయలు, గుమ్మడికాయలే కూరలు. ఒక రాత్రి భోజనం ముందు ప్రార్థన చేస్తూ నాన్న, "ప్రభువా, మా తమ్ముణ్ణి ఈపాలైనా గట్టెక్కించు తండ్రీ, పిల్లలు సేపలు మర్సిపోతన్నారు" అన్నారు. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది అమ్మ.

గట్టెక్కారు. కొత్త నీలం డ్రెస్సులో ఆయన్ని చూసి పక్కింటాయన "పెద్దోడివైపోయావు బావా" అంటే, "మనుసులకి కనబడీది ఎలివేషనే బావా. దేవుడు సూసీది సెక్షను" అన్నారు. అని, నా నోటు నాకు తిరిగిచ్చేశారు, కొత్త పెన్సిలుతో సహా.

నేను నిజంగానే టీచర్నయ్యాను. ఆయన రిటైరయ్యాక కూడా కోతలు మానలేదు. మిక్సీ కొన్నా, మనవడు సెల్‌ఫోన్ తెచ్చినా ఒకటే మాట: "బాగుందిరా. లోపలేటుంది?"

పోయిన నెల సీతమ్మధారలో డాక్టరుగారు ఆయన స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి, ఇక చెయ్యగలిగింది పెద్దగా లేదని మెల్లగా చెప్పారు. చిన్నాన్న కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగారు.

"ఇది అడ్డుకోత కదండీ? నన్ను కొయ్యకండానే గీసీసినారే!" నావైపు తిరిగారు. "సరేనా టీచరమ్మా?"

"సరిగ్గా ఉంది చిన్నాన్నా" అన్నాను.

సమాధి చేసి వచ్చిన సాయంత్రం, ఆయన్ని తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడికనాడు ఏం వండించాలా అని అందరం కూర్చున్నాం. కుర్రాళ్ళు బిర్యానీ అన్నారు. చిన్న చెల్లెలు మెల్లగా "ఆనపకాయ" అంది. మంచం మీంచి అమ్మ, "మళ్ళీ ఆనపకాయేటే!" అని నవ్వింది. అప్పుడు అందరం నవ్వాం.

చివరికి రెండూ ఉండాలని అనుకున్నాం. మొదటి కాయను మాత్రం ముక్కలు చెయ్యకూడదు. నిలువునా కోసి, ప్రార్థన ముగిసేదాకా ఆయన ఫొటో పక్కన పళ్ళెంలో, గింజలు పైకి కనబడేలా ఉంచాలి. కోసేది నేను.