రెండు గొట్టాల బండి

సిరిసిల్లలో లింగమూర్తి ఇల్లెక్కడని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లుండేవారు గాని, మైకు లింగన్న ఇల్లంటే చిన్నపిల్లలు సైతం గడపదాకా తీసుకెళ్లి దింపేవాళ్లు. టాకీసులో ఆట మారినా, బట్టల దుకాణం కొత్తగా తెరిచినా, ఎవరి బర్రె తప్పిపోయినా ఆ కబురు అతని పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ మీదే ఊరంతా తిరిగేది. వెనక కర్రచట్రం, దానికి బిగించిన ఒక లౌడ్‌స్పీకర్ గొట్టం, పెట్రోలు ట్యాంకు మీద తాళ్లతో కట్టిన చిన్న ఆంప్లిఫయర్, మెడలో వేలాడే మైకు. ఆ మైకు ముందు అతను నోరు తెరిచాడంటే వంటింట్లో ఆడవాళ్లు గరిటె చేత పట్టుకునే వాకిట్లోకి వచ్చేవారు. తప్పిపోయిన బర్రె సంగతి కూడా పెళ్లి కబురు మోసుకొచ్చినట్టు చెప్పేవాడు మహానుభావుడు.

మైకు పట్టకముందు అతను సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచాలంటారు. రేకుల షెడ్డులో అవన్నీ ఒక్కసారి నడవడం మొదలుపెడితే పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకని అక్కడ ఎవరూ నోటితో మాట్లాడరు. నూలు కండె అయిపోయిందంటే బొటనవేలు తిప్పి చూపడం, ఆకలంటే పొట్ట తట్టుకోవడం, షెడ్డు ఆసామి వస్తున్నాడంటే లేని మీసం మెలేయడం. మిగతాదంతా ఎదుటివాళ్ల పెదవులు చూసి పోల్చుకోవడమే. అతని భార్య బాలవ్వ కూడా అదే షెడ్డులో కండెలు చుట్టేది. కొత్త కాపురంలో వాళ్ల అలకలూ కొట్లాటలూ సగం చేతులతోనే నడిచాయి.

నోరున్న మనిషిని మూగవాణ్ణి చేసే ఆ షెడ్డంటే లింగమూర్తికి ఒళ్లుమంట. పడుచు వయసంతా దానికి ధారపోసి, చివరికి ఎలాగో ఈ బండీ మైకూ సంపాదించుకుని బయటపడ్డాడు. "సచ్చినా మళ్ల సాంచా మొకం జూడ" అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. మైకుంటేనే తాను మనిషి, మైకు పోతే మళ్లీ షెడ్డే. ఆ సంగతి అతనికి ఒకరు గుర్తుచేయనక్కర్లేదు.

ఎనభై తొమ్మిదిలో వానలు వెనకబట్టేనాటికి మైకు సెట్టు నీరసపడిందని అతనికి అనుమానం పట్టుకుంది. మైకు విప్పి తుడిచాడు. బ్యాటరీలో నీళ్లు పోశాడు. వైర్లు మార్చాడు. ఏం చేసినా తన గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టే ఉంది. ఊళ్లో జనం విననట్టు తలలు తిప్పుకుపోతున్నారనిపించి, మనసు మనసులో లేక, కరీంనగర్‌లో రేడియోలు బాగుచేసే యాకూబ్ దగ్గరికి బండి తోలాడు.

"సెట్టుకు ఏం గాలే లింగన్నా. మంచిగనే కొడుతుంది," అన్నాడు యాకూబ్, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఏం మంచిగ? జర పెంచు, భాయ్."

"పెంచిన గదా."

"ఇంకింత పెంచు."

పక్క దుకాణంలో చెప్పులు కుట్టుకునే మనిషి లేచి వచ్చి, చేతులు తిప్పుతూ ఏదో తిట్టి పోయాడు. యాకూబ్ లింగమూర్తి మొహం వైపు కాసేపు చూసి, "పరేషాన్ ఎందుకన్నా, గిదే చాలు నీకు," అని మెల్లగా చెప్పి చూశాడు. వింటేనా! పెద్ద ఆంప్లిఫయర్ కావాలి, గొట్టాలు రెండు కావాలి, ముందొకటి వెనకొకటి, అన్నాడు. బండి బ్యాటరీకి అంత సత్తువ లేదంటే, కారు బ్యాటరీ పెట్టమన్నాడు.

వెల్డింగు దుకాణంలో ఇనుప చట్రం చేయించారు. ఒక పక్క పెట్టెలో కారు బ్యాటరీ, రెండో పక్క బరువు సరితూగడానికి ఇసుక సంచి, వెనక సీటు మీద ఇత్తడి మీటల పెద్ద ఆంప్లిఫయర్. హ్యాండిల్ ముందు ఒక గొట్టం నోరు తెరుచుకుని కూర్చుంది. మలుపు తిరిగితే చాలు బండి ఒక పక్కకు లాగేస్తోంది. అయినా లింగమూర్తి దాన్ని పెళ్లికొడుకులా ఊళ్లోకి తెచ్చి, గొట్టాలకు బొట్లు పెట్టించాడు.

బాలవ్వ గడపలో నిలబడి చూసింది. రెండు వేళ్లు ఎత్తి, అరచెయ్యి తిప్పి చూపింది. రెండెందుకని.

"ఊరికొకటి, నీకొకటి!" అని నవ్వాడు లింగమూర్తి.

ఆమె నవ్వలేదు. పొట్ట తట్టి అన్నానికి రమ్మంది. ఇంట్లో కూడా షెడ్డు అలవాటు పోనివ్వలేదీ మనిషి అని అతను మురిసిపోయాడు. ఈ మధ్య ఆమె చేతులు మరీ ఎక్కువగా ఆడుతున్నాయని మాత్రం అతనికి తట్టలేదు.

కొత్త సెట్టుతో మొదటి పని హుస్నాబాద్ వారపు అంగడిలో పడింది. అక్కడి టాకీసు చొక్కారావుది. మారిన ఆట గురించి చెప్పాలి. అంగడి నడిమధ్యన బండి నిలిపి, లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు. మొదలుపెట్టాక మళ్లీ అదే బావి అడుగు గొంతు. ఇంత చేయించినా ఇంతేనా అనుకున్నాడు. మీట తిప్పాడు. ఇంకా తిప్పాడు. మెడలోని మైకు ముందు గొట్టానికి ఎదురుగా పడి, సెట్టు కూత పెట్టింది. ప్రాణం పోయే జంతువు కూతలా అంగడంతా కోసుకుంటూ పోయిందది. జనం చెవులు మూసుకున్నారు.

అతను మాత్రం చెబుతూనే ఉన్నాడు.

కుండలమ్మే దేవవ్వ బండికి కట్టిన ఎద్దు బెదిరి బండిని లాక్కుని పరుగెత్తింది. కుండలన్నీ నేల పాలయ్యాయి. అడ్డం పోయిన దేవవ్వ చెయ్యి చక్రం కింద పడింది. జనం చేతులెత్తి తన వైపు పరుగెత్తుకు రావడం చూసి లింగమూర్తి పొంగిపోయాడు. ఇన్నాళ్లకు తన గొంతు అందిందనుకుని, సంచిలోని ఆట కాగితాలు తీసి నవ్వుతూ వాళ్ల మీదికి విసిరాడు.

చొక్కారావు వచ్చి వైరు పీకేశాడు. అతని పెదవులు కదిలాయి. పెదవులు చదవడం లింగమూర్తికి కొత్త కాదు గదా. "చెవులు వోయినయారా నీకు?" అంటున్నాడు. మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్న ఆ మనిషి నోటి నుంచి అతనికి వినబడింది ఒక గుసగుస మాత్రమే. అప్పుడు చూశాడు, దుమ్ములో పడి ఏడుస్తున్న దేవవ్వను. ఆ ఏడుపు కూడా అతనికి వినబడలేదు.

ఇంటికి వచ్చేసరికి బాలవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఏమైందని చెయ్యి తిప్పింది.

"చేతులు ఆపు," అన్నాడు లింగమూర్తి. "నోటితోని జెప్పు."

ఆమె పెదవులు కదిలించబోయింది.

"గట్ల కాదు. మొకం అటు దిప్పుకోని జెప్పు."

బాలవ్వ కదల్లేదు. అతనే దగ్గరికి పోయి ఆమె భుజాలు పట్టుకుని గోడ వైపు తిప్పాడు. ఆమె వీపు, జారిన కొప్పు మాత్రమే కనబడుతున్నాయి. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. ఇంకా మాట్లాడలేదేమో అనుకున్నాడు. అంతలో ఆమె భుజాలు కదలడం, తర్వాత వెక్కిళ్లకు అదరడం చూశాడు. ఆమె చాలాసేపటి నుంచి మాట్లాడుతూనే ఉంది. ఏం చెప్పిందో అతను మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

"ఎప్పటిసంది?" అన్నాడు చివరికి.

ఆమె ఇటు తిరిగింది. "ఉగాదికి ముంగట్నించి," అన్నాయి పెదవులు.

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తే మైకిడుస్తవు. మైకిడిస్తే నువ్వు బతుకుతవా?"

లింగమూర్తికి ఆమె మీద కోపం రాలేదు. కోపమంతా తన చెవులను కొద్దికొద్దిగా నమిలి మింగిన ఆ సాంచాల మీదే వచ్చింది. దాన్ని తీర్చుకునే దారి లేదు. బండీ సెట్టూ అంజన్న అనే పడుచువాడి చేతికిచ్చేసి, దేవవ్వ ఇంటికి పోయి, ఆమె కట్టు కట్టిన చెయ్యి ముందు తల వంచుకుని కూర్చుని వచ్చాడు. ఆ తర్వాత షెడ్డు దారి పట్టాడు. ఒట్టు గట్టు మీద పెట్టక తప్పలేదు. మనుషుల మాట వినబడని మనిషికి పనిచ్చే చోటు ఊళ్లో అదొక్కటే మరి. అక్కడ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మీసం మెలేశారు, పొట్ట తట్టారు, అతను తలూపాడు.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలన్నీ ఆగాయి. లింగమూర్తి తెగిన పోగు ముడివేస్తూ తలెత్తాడు. షెడ్డులో ఉన్నవాళ్లంతా ఒకేసారి వీధి గుమ్మం వైపు తలలు తిప్పారు. కండెల దగ్గర బాలవ్వ కూడా తిప్పింది. గుమ్మంలోంచి ముందు గొట్టం కనబడింది, వెనక అంజన్న, ఆ వెనక రెండో గొట్టం.

లింగమూర్తి చెవి దగ్గర చెయ్యి దొప్పగా పట్టి, బాలవ్వ వైపు చూసి తలెగరేశాడు. ఎట్లుంది, మంచిగ వినొస్తుందా అని.

బండి దాటిపోయేదాకా ఆగి ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు వాడలేదు. పెదవులు ఒక్కో మాటా విడివిడిగా పలికాయి.

"నీ గొంతంత మంచిగ లేదు."

అతను మళ్లీ పోగు మీదికి వంగాడు గాని, ముడి కనబడలేదు, కళ్లు నిండిపోయాయి. కాళ్ల కింద నేల అదిరితే, కరెంటు వచ్చిందని తెలిసింది.