నాయిన కొలిచిన ఎనభై రెండు అడుగులు

ఒట్టు పెట్టమంటే పెడతాను. అన్నం మీద పెడతాను, భూమి తల్లి మీద పెడతాను. బిడ్డ మీద మాత్రం పెట్టమనకండి... ఇది ఆ బిడ్డ ముచ్చటే. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే లేచి పొండి. సగంలో నవ్వితే నాకు మండుతుంది.

ఏ స్టేడియమో చెప్పను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఈ మూడింట్లో ఏదో ఒకటి అనుకోండి. పేరు చెబితే నా నౌకరీ పోతుంది. ఇప్పుడు నాకు మిగిలింది అదొక్కటే.

ఇప్పుడు స్టేడియం అంటున్నారు గానీ, అది మా చెలక. నాలుగెకరాల ఎర్రనేల. ఆముదాలు, కందులు వేసేవాళ్లం. తూర్పున ఒక మోటబావి ఉండేది. నాయిన ఉన్నన్నాళ్లు దున్నింది ఆయనే. నేను ఏడాదిలో ఎనిమిది నెలలు పుణెకు మట్టి పనికి పోయేవాణ్ణి. నాయిన పోయాక వచ్చి రెండు బోర్లు వేశాను. రెండింట్లోనూ దుమ్మే లేచింది.

అంతలో కొత్త జిల్లాలు అయ్యాయి. జిల్లా అన్నాక స్టేడియం ఉండాలన్నారు. సర్వే చేసే వాళ్లు వచ్చారు. భూమి ఇస్తే ఇంటికో నౌకరీ అన్నారు. నేను ఎగిరి గంతేశాను. మొదట చదును చేసి మట్టి గ్రౌండు చేశారు. మీటింగులు పెట్టారు, హెలికాప్టర్ దిగింది. తర్వాత బావి పూడ్చి, దాని మీద మోటారు గది కట్టారు. రెండేళ్లకు పడమటి వైపు సిమెంటు గ్యాలరీ లేచింది. ఆ తర్వాత గడ్డి, గోల్ పోస్టులు, ఎత్తు స్తంభాలకు లైట్లు. ఫుట్‌బాల్ ఆటలు మొదలయ్యాయి. ఆట ఉన్న రోజు సున్నంతో గీతలు గీసేది నేనే. గేటు తాళంచెవి కూడా నా దగ్గరే.

ఒక్క సంగతి మాత్రం సర్వేవాళ్లకు చెప్పలేదు. ఆ చెలకలో నా బిడ్డ ఉంది.

మంజుల... నాలుగేళ్ల పిల్ల. మూడు రోజులు జ్వరం కాసింది. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలో, ఆటోలోనే, నా ఒళ్లోనే పోయింది. మాలో ఆడవాళ్లు పూడ్చే చోటికి రారు. నా పెండ్లాం నర్సమ్మ బిడ్డను చివరిసారి చూసింది గడప దగ్గర. నేను బిడ్డను భుజాన వేసుకున్నాను, నాయిన పార పట్టుకున్నాడు. చిన్నపిల్లలకు గోరీ కట్టరు. రాయి కూడా పాతరు. అందుకే నాయిన బావి గట్టు మీద నిలబడి, ఎదురుగా గుట్ట మీది కోట బురుజుకు సూటిగా నడిచాడు. కట్టె ఊతంగా పట్టుకుని, పైకి లెక్కపెడుతూ నడిచాడు.

"ఎనభై రెండడుగులురా. యాదికి పెట్టుకో. దున్నేటప్పుడు ఈడికి రాంగనే నాగలి పైకి లేపాలె" అన్నాడు.

నాయిన పోయాక నేను ఏటా ఎనభై రెండు అడుగులు లెక్కపెట్టేవాణ్ణి. ఆ చోట నాగలి లేపేవాణ్ణి. భూమి ఇచ్చేటప్పుడు ఈ మాట చెబితే గొడవవుతుందని, మా భూమి వద్దని పక్కవాళ్లది తీసుకుంటారని భయపడ్డాను. నర్సమ్మ అడిగింది కూడా, బిడ్డ ఎట్ల మరి అని. పైన గడ్డే కదా వేస్తారు, మంచిగానే ఉంటుందిలే అన్నాను. గీతలు గీసేటప్పుడు కూడా, పడమటి సైడు లైనుకు కొంచెం లోపల ఉన్న ఆ చోట అడుగు పడకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

నర్సమ్మ రోజూ సాయంత్రం టిఫిన్ డబ్బా తెచ్చేది. గ్యాలరీ మూడో మెట్టు మీద కూర్చుని, నేను గేటు వేసేదాకా ఆ గడ్డి వైపే చూస్తుండేది. ఎక్కడ అని ఎన్నడూ అడగలేదు. ఆ గడ్డిలో ఎక్కడో ఉందన్న మాటే ఆమెకు చాలినట్టుండేది.

పోయిన చలికాలం ఒకరోజు ఇంజనీరు వచ్చి మర్నాడు పొద్దున్నే గేటు తీసి ఉంచమన్నాడు. ఇంటికి పోయి అన్నం తింటూ నర్సమ్మకు చెప్పాను.

"రేపటి సంది రెండు ఫీట్ల మట్టి తీసి కంకర పోస్తరంట. పైన ప్లాస్టిక్ గడ్డి ఏస్తరంట."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"తీసిన మట్టి యాడ పోస్తరు?"

"తెల్వదు. ఏదన్న రోడ్డుకు పోస్తరేమో."

"అంటే... నా బిడ్డను టిప్పర్ల ఏసుకపోతరా?"

పళ్లెం పక్కకు జరిపాను.

"పైన గడ్డే గద ఏస్తరు అన్నవ్. ఇప్పుడేంది గిది?"

"పొద్దుగాల ఇంజనీరుతోని మాట్లాడి సూస్త..."

"పొద్దుగాల జేసీబొస్తది. నువ్వేం మాట్లాడుతవో నాకెరికే. ఇప్పుడే పోదాం పా. పిడికెడు మన్నన్న తెచ్చుకుంట. ఆ జాగ నేను ఒక్కపారి గూడ సూడలే."

పోయాం. గేటు చప్పుడు కాకుండా తీశాను. లోపల రెండు జేసీబీలు, ఒక రోలరు నిలబడి ఉన్నాయి. చలి... లైట్లు లేవు. రోడ్డు మీదికి కనబడుతుందని బ్యాటరీ లైటు కూడా వేయలేదు. నర్సమ్మ ఎప్పటిలాగే గ్యాలరీ మూడో మెట్టు మీద కూర్చుంది. దొరికినంక పిలువు అంది.

మోటారు గది గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. ఎదురుగా గుట్ట నల్లగా కనబడుతోంది. దాని మీద బురుజు. అది ఖిల్లా ఘణపూర్ కోటదా అని అడగకండి, మా దిక్కు బురుజు లేని గుట్టేది? చెప్పులు విప్పాను. బిడ్డ దగ్గరికి చెప్పులతో పోబుద్ధి కాలేదు. గడ్డపార భుజాన వేసుకుని నడిచాను.

ఒకటి... రెండు... మూడు...

పది దాటాక విన్నాను.

నా ముందు ఎవరో నడుస్తున్నారు.

ఆగాను. అదీ ఆగింది. ఇంకో అడుగు వేశాను. ముందు... దబ్. ఇంకోటి వేశాను. దబ్... వెంటనే... టిక్. రెండు అడుగులు, ఒక కట్టె. రెండు అడుగులు, ఒక కట్టె. కళ్లు చించుకుని చూశాను. ఏమీ లేదు. గడ్డి, మంచు, చీకటి... అంతే.

గ్యాలరీ గోడకు తగిలి నా అడుగే తిరిగి వస్తోంది అనుకున్నాను. మీరూ అదే అంటారు. కానీ నా కాళ్లకు చెప్పులు లేవు. మంచుకు తడిసిన గడ్డి మీద నడుస్తున్నాను. నా అడుగు నాకే వినబడటం లేదు. ఇంక తిరిగి వచ్చేదేంది?

వెనక్కి ఉరుకుదామనిపించింది. నిజం చెబుతున్నాను. కానీ తెల్లారితే జేసీబీ... అందుకే లెక్క తప్పకుండా నడిచాను. ముప్పై... నలభై... నేను అడుగు వేస్తే అది అడుగు వేస్తోంది. కానీ ప్రతి అడుగుకూ అది కొంచెం దూరమవుతోంది. మొదట రెండు బారల దూరంలో ఉండె. యాభై దగ్గరికి వచ్చేసరికి బాగా ముందుకు పోయింది. డెబ్బై... ఎక్కడో సైడు లైను దగ్గర...

డెబ్బై ఐదు దాటాక చప్పుడు మారింది. గడ్డి మీద పడే చప్పుడు కాదు. టక్... టక్... సిమెంటు మీద చప్పుడు.

ఎనభై... ఎనభై ఒకటి... ఎనభై రెండు.

నేను ఆగాను. అదీ ఆగింది. కట్టెతో రెండుసార్లు నేల మీద కొట్టిన చప్పుడు వచ్చింది. గ్యాలరీలో... నర్సమ్మ కూర్చున్న మెట్ల దగ్గర.

అప్పుడు తట్టింది నాకు. నాయిన తాడిచెట్టంత మనిషి. నేను మా అమ్మ పోలిక, పొట్టివాణ్ణి. ఎనభై రెండు అన్నది ఆయన అడుగులు. నేను ఇన్నేళ్లూ నా అడుగులు లెక్కపెట్టాను. గీతలు టేపు పెట్టి కొలిచే పని నాది. కన్నబిడ్డ ఉన్న చోటును మాత్రం పొట్టి కాళ్లతో కొలిచి, అక్కడే ఉందనుకుని నాగలి లేపాను. అవతల బిడ్డ మీద నుంచే దున్నాను.

గ్యాలరీకి పునాది తవ్విన రోజు నేను అక్కడే నిలబడ్డాను. నా బిడ్డ ఇటు దిక్కు లేదులే అని నిమ్మళంగా బీడీ ముట్టించుకున్నాను. ఆ మట్టి ఎక్కడ పోశారో కూడా చూడలేదు. సిమెంటు పోశాక రోజూ నీళ్లు కొట్టింది నేనే. మంచిగా గట్టిపడాలని ఇంకో పూట ఎక్కువే కొట్టాను.

ఏం చేయాలి నేను? సిమెంటు మెట్లు పగలగొట్టాలా? పోయి నర్సమ్మకు చెప్పాలా? బిడ్డ నీ కాళ్ల కిందనే ఉండెనే, నేనే తవ్విచ్చి పారేయిచ్చిన అని ఏ నోటితో చెప్పాలి?

నిలబడ్డ చోటే తవ్వాను. మోకాలు లోతు తవ్వాను. మట్టే వచ్చింది. అసలు ఆ చప్పుడు అబద్ధమేమో, బిడ్డ ఇక్కడే మట్టిలో కలిసిపోయిందేమో అని కూడా అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను. అనుకోకపోతే బతకలేను.

పిలిచాను. నర్సమ్మ మెల్లగా వచ్చింది. చెప్పులు దూరంగానే విప్పింది.

"గిదేనా?"

"ఇదే."

కూర్చుంది. గుంత అంచు మీద చెయ్యి వేసి నిమిరింది. ఏడవలేదు. మూడు పిడికిళ్ల మట్టి కొంగులో కట్టుకుంది. ఇంటికి పోయేదాకా, చలికి వణుకుతూనే, రెండో చేత్తో ఆ మూటను కప్పి పట్టుకుంది. నేను వెనక నడిచాను.

తెల్లారి జేసీబీలు దిగాయి. మూడు రోజులు టిప్పర్లు తిరిగాయి. ఇప్పుడు పోయి చూడండి, ఎండాకాలం కూడా పచ్చగా ఉంటుంది. గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి టీములు వస్తాయి. గోలు పడితే గ్యాలరీలో జనం కాళ్లతో మెట్ల మీద దరువేస్తారు. నేను మోటారు గదిలోకి పోయి తలుపు వేసుకుంటాను.

నర్సమ్మ ఇప్పుడు స్టేడియానికి రాదు. టిఫిన్ డబ్బా పొద్దున్నే నా చేతికి ఇచ్చేస్తుంది. ఎందుకు రావంటే, "ఆడ నాకేం పని ఇంగ? బిడ్డ ఇంటికొచ్చె గద" అంటుంది. ఆ మట్టిని ఇంటి వెనక బంతి చెట్ల మధ్య చిన్న గుంత చేసి పెట్టుకుంది. రోజూ సాయంత్రం అక్కడే కూర్చుంటుంది. బిడ్డ పక్కన అన్నేళ్లు కూర్చున్న తల్లిని నేనే లేపి తీసుకువచ్చాను.

పోయినవాళ్లకు అన్నం పెట్టే పెత్రమాస నాడు ఆ మట్టి దగ్గర రెండు విస్తర్లు వేసింది.

"రెండెందుకే?" అన్నాను.

"ఒకటి బిడ్డకు. ఒకటి మీ నాయినకు. ఆ రాత్రి ఆయనే గద జాగ సూపిచ్చింది."

ఆ అడుగుల మాట నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. నిద్రలో ఏమన్నా వాగానేమో, తెల్వదు. ఆమె విన్నదేమో... చూసిందేమో... ఆయన ఎక్కడ ఆగాడో కూడా చూసిందేమో. చూసీ ఈ మట్టి మూట కట్టుకుని వచ్చిందా? అడగాలని నోటి దాకా వచ్చింది. ఆమె అప్పటికే అన్నం కలిపి, ముద్ద చేసి, "తిను బిడ్డా" అంటూ మట్టి మీద పెడుతోంది.

నేను కూడా పక్కన కూర్చున్నాను. తిను బిడ్డా అన్నాను.