పసుపు నీళ్లలో సూర చేప

అరబ్బు దేశంలో మేమున్న అల్ ఖౌద్‌లో మధ్యాహ్నాలు తెల్లగా ఉండేవి. గోడలు, ఆకాశం, సముద్రం ఉండవలసిన దిక్కున వేలాడే తేమ, అన్నీ ఒకే పాలరంగులో కలిసిపోయేవి. ఏసీ హోరులో ఎవరు మాట్లాడినా నీటి అడుగు నుంచి వినిపించినట్టుండేది. తొంభైల మొదట్లో నా భార్యకు వాసనలు తెలియకుండా పోయిన ఆ నాలుగైదు నెలలూ నాకు ఆ రంగులోనే గుర్తున్నాయి.

జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు. నేను ఆహార పదార్థాలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. ఎవరు ఏది చెప్పినా రుజువు అడగడం నా వృత్తి, కొంతవరకు నా జబ్బు కూడా. ఆమె మాటనూ ఊరికే ఒప్పుకోలేదు. కళ్లకు గుడ్డ కట్టి, ఇంగువ, కాఫీపొడి, కర్పూరం ఉన్న సీసాలను, వాటితోపాటు ఒక ఖాళీ సీసాను, వరస మార్చి మార్చి ముక్కు దగ్గర పెట్టాను. మూడింటికి "గాలి" అంది. కర్పూరానికి "చల్లగాలి" అంది.

కొన్నాళ్లు ఆగి చూడమన్నాడు డాక్టరు. ఆమె వండేది, వడ్డించేది, తాను మాత్రం కాస్త మజ్జిగ తాగి లేచేది. అన్నం తడిసిన దూదిలా ఉందనేది. చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది.

మా పై అంతస్తులో, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఒకాయన భార్య ఉండేది. హవాయి దీవుల్లో పుట్టిన మనిషి. ఆవిడా, నా భార్యా ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేవారు. ఒకరోజు ఆవిడ నా భార్యతో, "ముక్కు పోతే పోనీ, పళ్లున్నాయిగా, పళ్లతో తిను" అంది. వాళ్ల దీవుల్లో సూర చేపను, అంటే ఇప్పుడు అందరూ ట్యూనా అంటున్నదాన్ని, పచ్చిగానే ముక్కలు కోసి, సముద్రపు ఉప్పు, నాచు, వేయించి దంచిన ఒక గింజ పొడి కలిపి తింటారట. నెలల తరబడి దేన్నీ అడగని నా భార్య, "ఎప్పుడు చేద్దాం?" అంది.

"పచ్చి చేపా? నీ ఒంట్లో ఓపిక ఎక్కడుంది?" అన్నాను.

"తింటే వస్తుందండీ ఓపిక."

శుక్రవారం పొద్దున్నే మా ఆఫీసు వ్యాను డ్రైవరును వెంటబెట్టుకుని సీబ్ తీరానికి వెళ్లాను. అతనిది కడప. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. పడవలోంచి అప్పుడే దింపిన చిన్న సూరను ఎంచి ఐసులో పెట్టించాను. ఈ చేప వెచ్చబడితే అందులో పుట్టే హిస్టమిన్ అనే విషం వండినా పోదని అతనికి వివరించాను.

"ఇంకో నాలుగు గడ్డలు ఎక్కువేస్తే సరి. దానికింత చదువెందుకు సార్" అన్నాడు. కొంతదూరం వచ్చాక, "నిజంగానే పచ్చిది తింటారా?" అని అడిగాడు.

"నేను కాదు. మా ఇంట్లో ఆవిడ."

"యా అల్లా. పిల్లి కూడా వాసన చూసే తింటాది సార్."

ఆ మాట ఎక్కడ తగిలిందో అతనికి తెలియదు.

పై అంతస్తు ఆవిడ వచ్చి సగం చేపను చిన్న ముక్కలుగా కోసి, గింజల పొడి డబ్బా తెస్తానని మెట్లెక్కింది. నా భార్య స్నానానికి వెళ్లింది. వంటింట్లో నేనూ ఆ గిన్నే మిగిలాం. దానిమ్మ గింజల ఎరుపులో ముక్కలు మెరుస్తున్నాయి. కిటికీలోంచి తెల్లటి వెలుగు వాటిమీద కదలకుండా నిలిచింది. సన్నబడిన ఆమె మణికట్టు కళ్లముందు మెదిలింది. ఆ తర్వాత నేను చేసింది నిద్రలో నడిచే మనిషి చేసినట్టే చేశాను. ఉప్పు చల్లాను, పసుపు వేశాను, రెండు నిమ్మకాయలు పిండి, కాసిని నీళ్లు పోసి కలిపాను. ముక్కల ఎరుపు మెల్లగా పాలిపోయింది. అంచులు ఉడికినట్టు తెల్లబడ్డాయి, పైన పసుపు రంగు పట్టింది.

డబ్బాతో దిగివచ్చిన ఆవిడ గిన్నెలోకి చాలాసేపు చూసింది. తడిజుట్టుతో నా భార్య వచ్చింది.

"ఏం పోశారండీ?"

"పసుపు, నిమ్మరసం. క్రిములు చస్తాయని."

"ఎవరు చెప్పారు?"

"మా ఇంట్లో చేపను ఎప్పుడూ అలాగే కడుగుతారు."

"మీ ల్యాబ్‌లో పరీక్ష చేశారా?"

"లేదు."

"నా ముక్కుకి నాలుగు సీసాలు పెట్టారు. చేపకి ఒక్కటీ పెట్టలేదా?"

పులుపు మాంసాన్ని గట్టిపరుస్తుందని తెలుసు. నేను భయపడిన ప్రతిదాన్నీ అది చంపుతుందనడానికి మాత్రం నా దగ్గర ఏ ఆధారమూ లేదు. తరతరాల అలవాటును పరీక్షించాలన్న ఊహే నాకు ఎన్నడూ రాలేదు.

ఆమె ఐసులోంచి మిగిలిన సగం తీసి తానే కోసింది. పై అంతస్తు ఆవిడ ఉప్పు, నానిన నాచు, గింజల పొడి చిటికెడు చిటికెడుగా చల్లించి, చేత్తోనే కలపమంది. "ఆ పసుపు గిన్నెలోది మీ ఆయనకు వేపుడు చెయ్యి" అని కూడా అంది.

నా భార్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను నోరు తెరవబోయాను.

"వాసన లేదు. అడక్కండి" అంది. మరొకటి తీసుకుంది. "నాచు కరకరమంటోంది. చేప చల్లగా జారిపోతోంది. ఉప్పు చివర్లో వస్తోంది."

"బాగుందా?" అని అడిగింది ఆవిడ.

"ఏమో. ఆపాలని లేదు."

చాలా వారాల తర్వాత ఆమెకు వాసనలు ఒక్కొక్కటిగా, మొదట ఉల్లిపాయది, తిరిగివచ్చాయి. దానికి కారణం ఈ వంటకమని నేను ఎవరికీ చెప్పలేదు. అలా జరిగిందనడానికి ఆధారం లేదు. ఆ మధ్యాహ్నం జరిగింది ఇంతే: గిన్నె సగం ఖాళీ చేసి, వేళ్లకంటిన ఉప్పు నాకుతూ ఆమె నావైపు తిరిగింది.

"అన్నం ఉందా?"

ఆ రోజు వండలేదు. లేచి బియ్యం కడిగాను. తెల్లటి కడుగునీళ్లు చేతిమీదుగా జారుతుంటే, నా వెనక వాళ్లిద్దరూ నన్ను గురించి ఏదో అనుకుని నవ్వుకోవడం వినిపించింది. మా ఇద్దరికి సరిపడా కొలిచినవాణ్ణి, పై అంతస్తు ఆవిడకూ ఇంకో గుప్పెడు వేశాను.