సోఫాలాయన కాలేయం

సోఫాలు కుట్టే ఆయన్ని వీధంతా సోఫాలాయన అనే పిలిచేది. ఆయన బావమరిది గోడలకు రంగులు వేసేవాడు. కుర్రతనంలో ఓసారి వ్యాను బోల్తా పడితే ఇద్దరికీ ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. ప్రాణాలు దక్కాయి గానీ, ఆ రక్తంతో పాటే హెపటైటిస్ సి వచ్చిందన్న సంగతి చాలా ఏళ్లకు బయటపడింది.

మందు మొదలుపెట్టే ముందు, పరిశోధన కోసం ఇద్దరి కాలేయాల నుంచీ చిన్న ముక్క కావాలంది లివర్ డాక్టరమ్మ. సోఫాలాయన రానన్నాడు.

"పద బావా, ఆవగింజంత పోతే కొంప మునగదు" అని బావమరిదే లాక్కుపోయాడు.

ఇద్దరికీ అవే ఇంజెక్షన్లు. బావమరిది తేరుకున్నాడు. సోఫాలాయన ఆ మందు తెచ్చే జ్వరాలన్నీ భరించినా వైరస్ మాత్రం కదల్లేదు. చాటుగా తాగుతున్నాడేమోనని చుట్టాలు గుసగుసలాడారు. ఆయన షాపు నుంచి రాగానే భార్య దగ్గరకొచ్చి వాసన చూసేది. అది ఆయన్ని ఇంజెక్షన్లకన్నా ఎక్కువ బాధపెట్టింది.

కొన్నాళ్లకు డాక్టరమ్మ ముగ్గురినీ పిలిపించి సోఫాలాయనతో చెప్పింది.

"మీ ఇద్దరి వైరస్‌లూ ఒక జాతివే, రకాలే వేరు. మీ రకం వచ్చిన అందరిలో ఇలాగే ఉంటుందని చెప్పలేను గానీ, మీరిచ్చిన ముక్కలో చూస్తే మీ కాలేయంలో వైరస్‌తో పోరాడే జన్యువులు ముందే లేచి కూర్చున్నాయి. ఇంజెక్షన్ పని కూడా వాటిని లేపడమే. లేచినవాళ్లని మళ్లీ ఏం లేపుతాం? మీ బావమరిదివి నిద్రలో ఉన్నాయి, తట్టగానే పనిలోకి దిగాయి."

"అయితే నా తప్పేం లేదా అమ్మా?"

"మీరేం చేశారండీ! రోగం తీరే అంత."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రోజూ మిమ్మల్ని వాసన చూశానండీ."

"చూస్తే చూశావులే. జిగురు కంపు తప్ప నీకేం దొరికింది పాపం!" అన్నాడాయన. ఏడుస్తూనే నవ్విందామె.

తర్వాత కొన్నేళ్లకు నేరుగా వైరస్ మీదే పనిచేసే మాత్రలు వచ్చాయి. డాక్టరమ్మే ఫోన్ చేసి పిలిచింది. భార్య గుర్తుపెట్టుకుని పూటపూటా చేతిలో పెట్టింది. ఈసారి పరీక్షలో వైరస్ జాడే లేదు.

ఆయన చేతులు జోడిస్తే డాక్టరమ్మ వారించింది. "మీరిద్దరూ ముక్కలిచ్చారు కాబట్టే ఆ ఇంజెక్షన్ ఎందుకు పనిచేయలేదో నాకూ తెలిసింది."

ఆ ఆదివారం బావాబావమరుదులు సామాను సర్దుకుని ఆసుపత్రికి వెళ్లారు. వరండాలో రోగులు కూర్చునే బెంచీలకు సోఫాలాయన మెత్తగా స్పాంజి వేసి, కొత్త రెక్సిన్ బిగించి కుట్టాడు. బెంచీల కాళ్లకు బావమరిది రంగు వేశాడు. అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన భార్యను ముందుగా కూర్చోబెట్టి, "ఎలా ఉంది?" అని అడిగాడు సోఫాలాయన.

"హాయిగా ఉందండీ" అందామె.