పరిచయాల మేడమ్

కాలేజీలో పౌరసంబంధాల పాఠం చెప్పే ఆవిణ్ణి అందరూ పరిచయాల మేడమ్ అంటారు. ఎరువుల కంపెనీలో ఆ పౌరసంబంధాల ఉద్యోగమే వెలగబెట్టిన రోజుల్లో ఏ విలేఖరి తల్లికి జ్వరమొచ్చినా వెళ్లి పలకరించి వచ్చేది. పిల్లలకీ అదే నూరిపోస్తుంది. "అవసరం పడ్డాక కాదర్రా, పడకముందే మనుషుల్ని కలవండి." నీతి పాఠం మాత్రం చివరి వారానికి నెట్టేస్తుంది. పరీక్షల బెంగతో ఆ వారం క్లాసుకు వచ్చేవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఆ పొద్దున ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. పాత శిష్యుడు వచ్చి స్టాఫ్ రూములో కూర్చున్నాడు. ఒక పాల డెయిరీలో పౌరసంబంధాలు చూస్తాడు. వాళ్ల పాలు తాగి పిల్లలకు వాంతులయ్యాయి. ఆ సంగతి రాయబోతున్న విలేఖరి మేడమ్‌కి ప్రాణస్నేహితురాలు.

"మీరొక్క మాట చెబితే రేపటిదాకా ఆగుతుంది మేడమ్."

"పాలు వెనక్కి తెప్పించారా?"

"పైవాళ్లు ఆలోచిస్తున్నారు."

"అంటే కొట్లలోనే ఉన్నాయి. స్నేహం చేసుకోమన్నాను గానీ, గొడుగులా పట్టుకు తిరగమన్నానా?"

"వాన పడ్డప్పుడు పనికిరాకపోతే ఇంకెందుకు మేడమ్? మీరు నేర్పిందే కదా."

చురుక్కుమంది. కిటికీదాకా వెళ్లింది, మళ్లీ తలుపుదాకా వచ్చింది. అడిగితే స్నేహితురాలు కాదనదు. ఆమె భయమల్లా అదే. ఈలోగా ఇంకెన్ని ఇళ్లలో ఆ పాలు కాగుతాయో. అడగకపోతే వీడి ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో చంటిపిల్ల కూడాను.

"మీ పాప ఏ పాలు తాగుతోంది?"

"నిన్నటినుంచి వేరేవి తెస్తున్నాం," అనేసి, తలొంచుకున్నాడు.

మేడమ్ ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"ఏమే, పొద్దున్నే గుర్తొచ్చానా?" అంది విలేఖరి.

"నా శిష్యుడు మాట్లాడతాడు, విను."

"ఏం చెప్పమంటారు?" గొంతు తగ్గించి అడిగాడతను.

"ఇప్పుడు నాకు చెప్పిందే."

అతను నుదురు రుద్దుకున్నాడు. లేచి, మళ్లీ కూర్చున్నాడు. "ఆ పాలు ఇంకా కొట్లలో ఉన్నాయండి," అన్నాడు చివరికి. "ఎవర్నీ తాగొద్దని రాయండి."

"నీ పేరు వెయ్యనా బాబూ?"

అతను మేడమ్ వైపు చూశాడు. ఆమెకు వెయ్యమనాలనీ ఉంది, వద్దనాలనీ ఉంది.

"డెయిరీ మనిషి చెప్పాడని రాయండి," అన్నాడు. "చెప్పిందెవరో మావాళ్లకి తెలిసిపోతుంది లెండి."