ముల్లు ఉందంది, పుల్ల లేదంది

కొండ ఎక్కే జీపులో పెట్రోలు తగ్గుతుందని లోకమంతా అనుకుంటుంది. నా జీపులో పెరిగింది. నవ్వకండి, నా రెండు కళ్లతో నేనే చూశాను. చూసి సంతోషించాను కూడా. ఆ సంతోషం ఫలితంగా నా ఉద్యోగం ఊడినంత పనైంది, ఒక బడి పిల్లల ఏడాది చదువు గంగలో కలిసినంత పనైంది, యాభై దాటిన హెడ్‌మిస్ట్రెస్‌గారొకరు పట్టుచీరతో గుర్రం ఎక్కవలసి వచ్చింది. ఇంత ఘోరానికీ కారణం రెండు తీగ ముక్కలు. వాటిని బిగించిన చెయ్యి, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇదిగో ఇదే.

డెబ్బైల నాటి మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. విజయనగరం నుంచి వచ్చి అరకులో ఒక చిన్న సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ప్రొబేషను ఇంకా పూర్తికాలేదు. కానీ డ్రైవింగు లైసెన్సు ఉంది. పైగా మోటారు మెకానిజం మీద ఒక ఇంగ్లీషు పుస్తకంలో నలభై పేజీలు చదివి ఉన్నాను. తీగలు విప్పేముందు గుర్తులు పెట్టుకోవాలన్న ముక్క నలభై ఒకటో పేజీలో ఉందని తరవాత తెలిసింది.

మా ఆఫీసు జీపు డ్రైవరు అప్పలనాయుడు. ఇంగ్లీషు రాదు, ఇంజను మాత్రం పేరుపెట్టి పిలిస్తే పలికేది. వారం రోజులు సెలవు మీద ఊరెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టి, డ్యాష్‌బోర్డు మీది గేజీలు చూపించాడు.

"బాబూ, ఇది పెట్రోలు ముల్లు. ఇ అంటే ఇంక నేదు. ఎఫ్ అంటే ఫరవానేదు. ఇది ఇంజను వేడి ముల్లు. సి అంటే సల్లన, హెచ్ అంటే హడలిపోవాల. ఇయి సూసుకుంటా నడపండి సాలు."

"మరి డ్యాష్‌బోర్డు లైటు వెలగడం లేదేం?"

"దాని జోలికెల్లకండి బాబూ. నానొచ్చి సూస్తాను."

జోలికి వెళ్లొద్దని చెప్పాక వెళ్లకుండా ఉండే వయసా అది? ఆదివారం పొద్దున్నే స్క్రూడ్రైవరు పుచ్చుకుని డ్యాష్‌బోర్డు విప్పేశాను. వెనక తీగలన్నీ ఒకే రంగు, అంటే మురికి రంగు. అడ్డొచ్చినవి ఊడదీశాను, బల్బు మార్చాను, మళ్లీ బిగించాను. లైటు వెలిగింది! నా భుజం నేనే తట్టుకున్నాను.

నాకు అప్పుడు తెలియని సంగతి మీకు ఇప్పుడే చెప్పేస్తాను. పెట్రోలు ట్యాంకు నుంచి వచ్చే తీగను వేడి గేజీకి, ఇంజను నుంచి వచ్చే తీగను పెట్రోలు గేజీకి తగిలించాను. అంటే ఇంజను వేడెక్కేకొద్దీ పెట్రోలు ముల్లు పైకి లేస్తుంది. పెట్రోలు అయిపోయేకొద్దీ వేడి ముల్లు చల్లదనం వైపు దిగుతుంది. ఇది గుర్తుపెట్టుకుని నాతో జీపెక్కండి.

సోమవారం ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. ప్రశ్నపత్రాల ట్రంకుపెట్టె పది గంటలలోపు పెదబయలు పాఠశాలకు చేరాలి. చేరకపోతే పరీక్ష లేదు, పిల్లలకు ఏడాది పోయినట్టే, నాకు ఉద్యోగం పోయినట్టే. పెట్టెకు కాపలాగా ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ సత్యవతమ్మగారు వచ్చారు. శ్రీకాకుళం మనిషి. సీలు వేసిన పెట్టెను కాళ్ల మధ్య ఇరికించుకుని, గడియారం చూసుకుని, "బేగి పోనీ నాయనా" అన్నారు.

తాళం తిప్పాను. పెట్రోలు ముల్లు 'ఇ' మీద పడి ఉంది. ఇంక నేదు! నాయుడు ట్యాంకు ఎండగట్టి వెళ్లాడా? వెనక డబ్బాలో పెట్రోలుంది కానీ అది ఆపద్ధర్మానికి. వేలితో గేజీ అద్దం మీద కొట్టాను, కదల్లేదు.

"ఏటి బాబూ, బయలెల్లకముందే తలుపు కొడతన్నావు?"

"ఏం లేదండీ, ముల్లు పట్టేసినట్టుంది."

చెమటలు కక్కుతూనే బయల్దేరాను. డుంబ్రిగుడ దాటేసరికి ముల్లు కదిలింది! పావు ట్యాంకుకు వచ్చింది. తరవాత సగానికి వచ్చింది. నా వేలి మహిమ అనుకున్నాను. పక్కనున్న వేడి ముల్లు మధ్యలోంచి మెల్లగా 'సి' వైపు దిగుతోంది. కొండగాలికి ఇంజను చల్లబడుతోందని దానికీ కారణం కనిపెట్టేశాను. మూర్ఖుడికి కారణాలు తక్కువా!

హుకుంపేట దగ్గర ఒక కాఫీ తోట జీపు రోడ్డు పక్కన ఆగి ఉంది. అందులోని పెద్దమనిషి చేతులు జోడించి, "పెట్రోలు అయిపోయిందండీ, కాస్త సర్దగలరా?" అన్నాడు. నా ముల్లు అప్పటికి ముప్పావు చూపిస్తోంది.

"పట్టుకెళ్లండి" అని డబ్బా మొత్తం ఇచ్చేశాను. సత్యవతమ్మగారు అనుమానంగా చూశారు.

"అంతా ఇచ్చేసినావు, మనకో?"

"మనకేం లోటండీ, మన దగ్గర పెరుగుతోంది."

"పెట్రోలు పెరుగుతాదా బాబూ?"

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. పాడేరు దాటి ఎగువ మలుపులు ఎక్కుతుంటే ముల్లు 'ఎఫ్' దగ్గరికి పోయింది. మలుపుకోసారి గేజీ చూడటం, గడియారం చూడటం, పెట్టె చూడటం. అంతలో బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఏదో లేవసాగింది.

"నాయనా, పొగ!"

"పొగ కాదండీ, పొగమంచు. ఏజెన్సీలో మామూలే."

"పొగమంచు బానెట్లోంచి వస్తాదేటి?"

"ఇంజను చల్లగా ఉందండీ, ముల్లు చూడండి, సి మీదుంది!"

ఆ మాట ముగిసేలోగా జీపు రెండుసార్లు దగ్గి, ఒకసారి ఎగిరి, ఆగిపోయింది. తొమ్మిదింబావు. పెదబయలు ఇంకా రెండు మైళ్లు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. బానెట్ ఎత్తి రేడియేటరు మీద చెయ్యి పెట్టి, కెవ్వుమని వెనక్కి దూకాను. చల్లని ఇంజను అరచెయ్యి కాల్చింది. పది సార్లు స్టార్టు చేశాను, లేవలేదు. చెయ్యి మంటకంటే భయం ఎక్కువైంది. ఉద్యోగం సంగతి అటుంచండి, గంట కోసం ఎదురుచూసే ఆ పిల్లలను తలుచుకుంటే ఏడుపొచ్చింది.

అప్పుడు పక్క దారిలోంచి గుర్రం మీద పిప్పళ్ల బస్తాలు వేసుకుని సంతకు పోతున్న కొండరైతు ఒకాయన వచ్చాడు. పేరు బొంజన్న. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏటైనాది బాబూ? పెట్రోలు ఉందా?"

"నిండా ఉంది. కావాలంటే ముల్లు చూడు."

"ముల్లు సంగతి నాకు తెల్దు. పుల్లెట్టి సూసినారా?"

సమాధానం కోసం ఆగకుండా రోడ్డు పక్క ఒక పుల్ల విరిచి, నా సీటు ఎత్తించి, ట్యాంకు మూత తీయించి లోపల ముంచాడు. బయటికి తీస్తే ఒట్టి పొడిగా వచ్చింది.

"నేదు బాబూ."

"ముల్లు ఉందంటోందయ్యా!"

"పుల్ల నేదంటంది."

సత్యవతమ్మగారు పుల్లను చూశారు, ముల్లును చూశారు, చివరికి నన్ను చూశారు. "ఆ లైటు బాగుసేసినానని పొద్దుటి నుంచి సెప్తన్నావు. ఇంకేటి బాగుసేసినావు?"

అప్పుడు వెలిగింది నాకు. బానెట్ వేడే పెట్రోలైంది, ఎండిన ట్యాంకే చల్లదనమైంది! రోడ్డు మీద చతికిలబడ్డాను.

బొంజన్న మాత్రం కూర్చోలేదు. బస్తాలు దించి మా జీపులో పెట్టాడు. "మీ బండి కదల్దు గదా, సరుక్కి బయం నేదు" అన్నాడు. గుర్రం మీద ట్రంకుపెట్టె కట్టబోయాడు. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒప్పుకోలేదు.

"పెట్టె నా సేతిలోంచి పోకూడదు. రూలు."

"మరెలాగండీ?"

"ఎలాగేటి? నన్నూ ఎక్కించండి."

ఎక్కించాం. ఒళ్లో పెట్టె, పెట్టె మీద రెండు చేతులు, నోట్లో ఆంజనేయ దండకం. బొంజన్న కళ్లెం పట్టి ముందు నడిచాడు. కాలిన చెయ్యి ఊదుకుంటూ నేను వెనక పరిగెత్తాను. గుర్రం ఆగినప్పుడల్లా ఆవిడ వెనక్కి తిరిగి, "దీనికేటైనా ముల్లుందా బాబూ?" అని అడిగారు.

పది గంటలకు ఐదు నిమిషాలుందనగా బడి ఆవరణలో అడుగుపెట్టాం. చీకటితో కొండలు దిగి నడిచొచ్చిన పిల్లలు వరండాలో కలాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. గుర్రం మీద వచ్చిన పరీక్షను చూసి నోళ్లు తెరిచారు. పదింటికి గంట మోగింది. ఆ గంట విని నేను గోడకు ఆనుకుని నిజంగానే ఏడ్చాను. సత్యవతమ్మగారు చూసి, చూడనట్టు లోపలికి వెళ్లిపోయారు.

సెలవు ముగించుకొచ్చిన నాయుడు ఐదు నిమిషాల్లో తీగలు సరిచేశాడు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది. ఇక మా ఆఫీసరుగారు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. అబద్ధం ఆడే ధైర్యం లేక ఉన్నదున్నట్టు గ్రాంథికంలో రాసిచ్చాను: "డ్యాష్‌బోర్డును నేనే స్వయముగా బాగుచేసితిని." మర్నాడు కాగితం తిరిగొచ్చింది. శిక్ష లేదు, మందలింపు లేదు. ఆ వాక్యంలో 'బాగు' అన్న రెండక్షరాలు మాత్రం ఎర్రసిరాతో కొట్టేసి, కింద సంతకం పెట్టారు.

ఆ ఎర్రగీత సాక్షిగా, గుర్రమెక్కిన గురువుగారి సాక్షిగా, నాలుగు దిక్కులా వినబడేలా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పనిచేస్తున్న వస్తువును మళ్లీ బాగుచెయ్యను. మా ఇంట్లో స్క్రూడ్రైవరు ఒకటుందని, మా ఆవిడ దాన్ని ఎక్కడో దాచిందని నాకు గట్టి అనుమానం. ఎక్కడని ఇంతవరకూ అడగలేదు.