వెనక నుంచి గీసిన బొమ్మ

మా వదిన బోర్డులు రాస్తుంది. దుకాణాల పేర్లు, బడి గోడల మీద ఎక్కాలు, బేకరీ షట్టరు మీద కేకులు. ఆవిడ రాసిన అక్షరం వంకర పోదు గానీ, నోటికి మాత్రం అదుపు ఉండేది కాదు. ఆడపడుచునైన నా చేతనే రంగుల డబ్బాలు మోయించేదంటే అర్థం చేసుకోండి.

పోయినేడు వదిన కూతురు, తొమ్మిదేళ్ల పిల్ల, బడికి వెళ్తూ లారీ కింద పడి చనిపోయింది. ఆ రోజు నుంచి వదిన నోరు మూగబోయింది. తిట్లు తినక నాకు పిచ్చెక్కినట్టుండేది.

ఎలాగైనా పిల్ల బొమ్మ గీయాలని ఆవిడ పట్టుదల. బడి కోసం తీయించిన ఫొటో మీద గళ్లు గీసి, రేకు మీద పెద్ద గళ్లు గీసి, గడి వెంట గడి దించింది. కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి, పిల్ల మాత్రం రాలేదు. నాలుగుసార్లు గీసి, నాలుగుసార్లూ తెల్లరంగు కొట్టేసింది.

"ముఖం మర్చిపోతున్నానే," అంది నాతో. "కన్నతల్లినై ఉండి!"

ఆ మధ్య ఒక బొమ్మల ప్రదర్శనకు గోడ మీద పేరు రాసే పని వచ్చింది. లోపల అన్నీ తల్లుల బొమ్మలే. ఒకామె బిడ్డకు గోళ్లు తీస్తోంది, ఇంకొకామె తడితల తుడుస్తోంది. దేవతలేం కాదు, పనితో అలిసిపోయిన ఆడవాళ్లు.

"ఇలాంటివి కూడా గీస్తారా వదినా?" అన్నాను.

వదిన గోళ్లు తీసే చేతుల్నే చూస్తూ నిలబడింది. కుంచె మీద రంగు ఆరిపోయింది.

ఇంటికొచ్చి, గళ్లు గీయకుండానే మొదలుపెట్టింది. మూడు రోజుల్లో బొమ్మ పూర్తయింది. చిన్న వీపు, మెడ మీద పుట్టుమచ్చ, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్న రెండు జడలు, రిబ్బను ముడివేస్తున్న రంగు మరకల వేళ్లు. అది మా పిల్లే.

అన్నయ్య చాలాసేపు చూశాడు. "ముఖం కూడా కనబడేలా గీయాల్సింది," అన్నాడు మెల్లగా.

"రోజూ నేను చూసింది ఇదేనండీ," అంది వదిన. "పనికి వేళైపోతోందని జడలు వేసి, వీపు మీద ఒకటి తట్టి పంపించేసేదాన్ని. ఆ రోజు 'అమ్మా, ఇటు చూడు, పన్ను ఊడింది' అంది. సాయంత్రం చూస్తాలే, పో అన్నాను."